పిచ్చమ్మ పడవలో బయటి సరుకు

ఉప్పుగుంటపాళెం మొబైలు క్రీడాకారుల సంక్షేమ సంఘం గత వేట నిషేధ కాలంలో తుఫాను షెల్టరులో అత్యవసరంగా సమావేశమై, ఆన్‌లైను ఆటలో యాడాన్ల వాడకాన్ని ఏకగ్రీవంగా నిషేధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పిచ్చమ్మ ఒప్పుకోలేదు. అయితే నిషేధం ఆమె ఒక్కదాని మీదే కాబట్టి, తన సంగతిలో తానే ఓటు వేయడం మర్యాద కాదు కాబట్టి, ఏకగ్రీవానికి భంగం కలగలేదు.

ఈ తీర్మానం వెనక ఎంత దూరదృష్టి ఉందో తెలియాలంటే మా ఊరి సంగతి కొంత చెప్పాలి. తోటపల్లి గూడూరుకు తూర్పున, రొయ్యల గుంటలు దాటి ఇసక మొదలయ్యే చోట మా పాళెం ఉంది. ఏటా ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టుకుంటాయని ప్రభుత్వం వారు రెండు నెలలు వేట ఆపేస్తారు. అప్పుడు పడవలు ఒడ్డున పడుకుంటాయి. వాటి నీడన మగవాళ్ళు పడుకుంటారు.

ఆ ఖాళీలోకి ‘పడవల పోరు’ వచ్చి పడింది. ఆ ఆటకు ఇంగ్లీషులో వేరే పేరు ఉంది. పలకబోయిన వాళ్ళంతా సగంలో మానుకున్నారు. ఫోనులో ఒక సముద్రం. తలా ఒక పడవ. వల వేసి చేపలు పట్టాలి, అడ్డొచ్చిన పడవను గుద్ది ముంచాలి. ఎదురుగా నిజం సముద్రం హోరుమంటుంటే దానికి వీపు తిప్పి కూర్చుని, ఊరంతా ఫోనులో వేటకు పోయింది. నిషేధం ఉల్లంఘించారని ఎవరి మీదా కేసు పెట్టలేదు.

ఊరి వాళ్ళు కలిసి ఆడుకోవడానికి ఆ ఆటలో ఒక గది ఉంటుంది. దాన్ని తెరిచేదీ మూసేదీ రొయ్యల గుంటల యజమాని నరేంద్రబాబు గారి ఫోను. అందువల్ల ఆయన సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆట పట్ల ఆయన దీక్ష చెప్పుకోదగ్గది. ఏసీ గదిలో వాలుకుర్చీ, ఒకటి తెగినా ఇంకొకటి ఉండాలని రెండు ఇంటర్నెట్టు లైన్లు, ఫోను వేడెక్కకుండా దాని వీపుకు చిన్న ఫ్యాను. ఇన్ని ఉన్నా ఒక్కోసారి ఆయనకు బొటనవేలు లాగుతుంది. అప్పుడు గుంటల దగ్గర రొయ్యలకు మేత చల్లే వినోద్‌ను పిలిపిస్తారు. వినోద్ చేతులు కడుక్కుని వచ్చి ఆయన పేరుతో ఆడతాడు. వినోద్ గెలిస్తే నరేంద్రబాబు గారు గెలిచినట్టు. ఓడితే వినోద్ ఓడినట్టు. ఈ పద్ధతి మా ఊళ్ళో ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

ఇక పిచ్చమ్మ. అరవై దాటిన మనిషి. ఆటోలో చేపల బుట్టలు వేసుకుని నెల్లూరు దాకా పోయి అమ్ముకొస్తుంది. సముద్రం పక్కనే పుట్టింది, సముద్రం పక్కకే కాపురానికి వచ్చింది. పడవ మాత్రం ఎక్కలేదు. ఆడవాళ్ళు పడవెక్కితే వేట సాగదని మా పెద్దల నమ్మకం. పట్టుకొచ్చిన చేపలను ఎండలో కూర్చుని అమ్మిపెట్టడానికి మాత్రం ఆ దోషం వర్తించదు.

వేట లేదు గనక ఆమెకు అమ్మకమూ లేదు. ఒక మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని, కోడలు భానుప్రియ ఫోనులో ఈ ఆట చూసింది. భానుప్రియ నెల్లూరులో కంప్యూటరు డిగ్రీ చదివి, ఇంటి నుంచే ఏదో కంపెనీకి పని చేస్తుంది.

“మే, ఆ పడవ నేను తోలొచ్చా?” అని అడిగింది పిచ్చమ్మ.

“తోలొచ్చత్తా.”

“ఎవరన్నా ఏమన్నా అంటారేమో.”

“ఫోన్లో ఎవరికి కనపడతావు? తోలు.”

పిచ్చమ్మ తోలింది. మొదటిరోజు ఒడ్డున ఉన్న రాయికి గుద్దింది. రెండో రోజు నడి సముద్రానికి పోయింది. కళ్ళు పెద్దవి చేసుకుని ఆ నీళ్ళలోకే చూస్తూ, అన్నం చల్లారిపోతున్నా లేవలేదు. కాని ఒక చిక్కు వచ్చింది. ఆట చెప్పేదంతా ఇంగ్లీషు రాతలో చెబుతుంది. ఎడమపక్క శత్రువు వచ్చినా, వల నిండినా, తుఫాను పుట్టినా తెర మీద అక్షరాలే. “ఇదేందమ్మే రాసింది?” అని పిచ్చమ్మ అడిగి, భానుప్రియ పొయ్యి దగ్గర నుంచి వచ్చి చదివేలోగా పడవ అడుగుకు పోయేది.

అందుకని భానుప్రియ ఒక యాడాన్ తయారు చేసింది. అంటే ఆట చేసినవాళ్ళు కాకుండా, ఆడేవాళ్ళే సొంతంగా చేసి ఆటకు తగిలించుకునే చిన్న సరుకు. అట్లాంటివి చేసుకోవచ్చని కంపెనీయే ఒప్పుకుంది; ఏ గదిలో వాటిని రానివ్వాలో ఆ గది యజమాని ఇష్టమని కూడా చెప్పింది. భానుప్రియ చేసినది పడవకు బలం ఇవ్వదు, వలలోకి చేపలను తోలదు. తెర మీద వచ్చిన ఇంగ్లీషును తెలుగు చేసి, భానుప్రియ గొంతుతో చదివిపెడుతుంది.

“అత్తా, ఎడంపక్క పడవొస్తా ఉండాది. తిప్పు తిప్పు!”

“వల నిండిందత్తా. లాగు.”

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి కొంచెం సంకోచంగా ఉంది. చేపల బజారులో బేరాలాడి రాటుదేలిన మనిషికి పడవ ఇచ్చి, చెవిలో దారి చెబితే ఏమవుతుందో సంఘం ఊహించలేదు. పిచ్చమ్మ చేపలు తక్కువ పట్టింది, పడవలు ఎక్కువ ముంచింది. ఆమె పడవ పేరు ‘గంప’. అధ్యక్షుల వారి పడవ పేరు ‘సింహపురి సింహం’. టీ అంగడి దగ్గర పదిమంది చూస్తుండగా గంప వచ్చి సింహాన్ని ముంచింది. మర్నాడు మళ్ళీ ముంచింది. వినోద్‌ను పిలిపించి ఆడిస్తే వినోద్‌నూ ముంచింది. నియమం ప్రకారం అది వినోద్ ఓటమే అయినా, మునిగిన పడవ మీద పేరు వేరేగా ఉండటం అధ్యక్షులకు ఇబ్బంది కలిగించింది.

ఆడేవాళ్ళంతా ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు ఆ ఆటలో ఉంది. నరేంద్రబాబు గారు అందులోకి వచ్చి గర్జించారు.

“ఎవడ్రా ఈ గంప? దమ్ముంటే పేరు చెప్పరా!”

“ఎవడూ కాదు సామీ, నేను పిచ్చమ్మని,” అని వచ్చింది జవాబు. “రోంత జరుగు. నా వలకి అడ్డమొస్తుండావు.”

ఆయన జరగలేదు. కాబట్టి మునిగారు.

చదువురాని మనిషి ఇంగ్లీషు ఆట ఎట్లా గెలుస్తున్నదని విచారణ మొదలైంది. పిచ్చమ్మ దాచలేదు, అడిగిన వాళ్ళందరికీ మా కోడలు చేసిందని గొప్పగా చెప్పుకుంది. దాంతో తుఫాను షెల్టరులో సమావేశం పెట్టారు. ఊరి తగువులు తీర్చే పెద్దాయన చెంచయ్య మధ్యలో కూర్చున్నాడు. నరేంద్రబాబు గారు మైకు అందుకున్నారు.

“సోదర సోదరీమణులారా! ఆట అంటే ఏమిటి? ఆట అంటే న్యాయం! దేవుడిచ్చిన రెండు చేతులతో, దేవుడిచ్చిన తెలివితో, ఎవరి సాయమూ లేకుండా ఆడేదే ఆట! బయటి నుంచి సరుకు తెచ్చి తగిలించుకుని గెలిస్తే దాన్ని గెలుపంటారా? మన పిల్లలకు మనం ఏం నేర్పుతున్నాం?”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ప్రసంగిస్తున్నంత సేపూ వెనక నిలబడి వినోద్ ఆయన ఫోనులో సింహం మునగకుండా కాపాడుతున్నాడు.

చెంచయ్య కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “అదంతా సరే నరేంద్రా. ఈ యాడాన్ అంటే ఏంది? యాడ ఆన్ చేస్తారు దాన్ని?”

దీని మీద కొంత చర్చ జరిగింది. చివరికి వలలు అల్లే గంగులయ్య ఒక నిర్వచనం ఇచ్చాడు. “ఆటతోపాటు రానిది ఏదైనా యాడానే పెద్దయ్యా.”

“అట్టయితే,” అంది పిచ్చమ్మ లేచి, “వినోదు ఆటతోపాటు వచ్చినాడా?”

షెల్టరులో నవ్వులు లేచాయి. వినోద్ తల వంచుకున్నాడు. నరేంద్రబాబు గారికి నిజంగానే బాధ కలిగింది.

“వినోద్ మనిషి! సాటి మనిషిని పట్టుకుని సరుకంటావా పిచ్చమ్మా? మానవత్వం లేదా నీకు?”

వినోద్ తలెత్తి ఆయన వైపు చూశాడు. ఆ నోట తనను మనిషనడం అతను అదే మొదటిసారి వినడం.

మనుషులను మినహాయించారు. ఆ తర్వాత ఫోను వెనక ఫ్యాను సంగతి వచ్చింది. అది ఫోను ఆరోగ్యానికి సంబంధించినది గనక మినహాయించారు. రెండు ఇంటర్నెట్టు లైన్లు మౌలిక సదుపాయం కింద పోయాయి. వాలుకుర్చీ వయసుకు ఇచ్చే గౌరవం. దిష్టి తగలకుండా గంగులయ్య ఫోనుకు కట్టుకున్న నిమ్మకాయ మన సంస్కృతి. చెంచయ్య కళ్ళద్దాల దగ్గర కాసేపు ఆందోళన కలిగింది. అవి లేకుండా ఆయనకు సముద్రమే కనపడదు. అవి ముఖం మీద ఉన్నాయి తప్ప ఫోనులో లేవని ఎవరో గుర్తు చేయగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇట్లా ఒక్కొక్కటీ తీసేయగా, నిషేధించడానికి భానుప్రియ గొంతు ఒక్కటే మిగిలింది.

భానుప్రియ లేచి నిలబడింది. “పెద్దయ్యా, నేను దాంట్లో దొంగబలం ఏం పెట్టలా. మీ కంటికి కనపడేదే మా అత్త చెవికి వినపడతా ఉండాది. కావాలంటే అందరికీ ఇస్తా, ఊరికే.”

“ఇయ్యాల చదివిపెట్టేదే అంటావమ్మా,” అన్నాడు గంగులయ్య. “రేపు ఇంకొకడు చేపలుండే తావు చూపించేది తెస్తాడు. ఎల్లుండి ఇంకొకడు మునగని పడవ తెస్తాడు. యాడ గీత గీసేది?”

ఆ సమావేశంలో పుట్టిన మంచి ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు వెతకడం కష్టం గనక ఓటింగు పెట్టారు.

చేతులెత్తే ముందు పిచ్చమ్మ ఇంకో మాట అంది. ఈసారి ఆమె గొంతులో కొట్లాట లేదు.

“పుట్టినకాణ్ణించి సముద్రం పక్కనే ఉండాను. నా తండ్రి పోయినాడు వేటకి, మొగుడు పోయినాడు, కొడుకు పోతా ఉండాడు. నేను ఒడ్డున నిలబడి చూడటమే. ఒడ్డు యాడికి పోతే కనపడకుండా పోతాదో నాకు తెలవదు. ఈ ఫోన్లో చూసినా. చుట్టూ నీళ్ళే. ఎంత బాగుండాదో. దాన్ని గూడా తీసేస్తారా?”

చెంచయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇట్లాంటి సమయాల్లో ఏం చేయాలో తెలిసిన నాయకుడు ఉండటం మా అదృష్టం. నరేంద్రబాబు గారు టీ వచ్చిందని ప్రకటించారు. టీ తాగాక తీర్మానం నెగ్గింది.

ఇంటికి పోయి పిచ్చమ్మ ఫోను గూట్లో పెట్టేసింది. రెండు రోజులు ఎండు చేపలు తిరగేస్తూ, కాకులను తిడుతూ కూర్చుంది.

“మనమే ఇంకో గది తెరుద్దాం అత్తా,” అంది భానుప్రియ.

“వద్దమ్మే. వాళ్ళతో ఆడితేనే గదా వాళ్ళని ముంచేది!”

ఇంతలో నాయుడుపేట జట్టు నుంచి సవాలు వచ్చింది. హైవే పక్కన సెల్‌ఫోన్ల అంగడి నడిపే ఆండ్రూ ఆ జట్టు నాయకుడు. పోటీ మా ఊళ్ళోనే, పట్టపగలు, షెల్టరులోనే. మా జట్టులోకి నరేంద్రబాబు గారు, చెంచయ్య, గంగులయ్య, ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఎంపికయ్యారు. అభ్యాసం మొదలైంది. తెర మీద అక్షరాలు వస్తాయి. ఒకరు తుఫానంటారు, ఇంకొకరు వల నిండిందంటారు. ఈ వాదన తేలేలోగా అందరూ మునిగిపోతారు. పిచ్చమ్మకు మాత్రమే చదువు రాదని తీర్మానించిన సంఘానికి ఇది అనుకోని పరిణామం.

మర్నాడు చెంచయ్య భానుప్రియ వాకిట్లోకి వచ్చి, ఎండల గురించి కాసేపు మాట్లాడి, గొంతు తగ్గించాడు.

“అమ్మాయ్, అద్దాలు పెట్టినా ఆ ఇంగ్లీషు నాకు పట్టుబడలా. మీ అత్తకి చేసినట్టు నాకోటి పెట్టిస్తావా?”

“నిషేధం గదా పెద్దయ్యా?”

“నిషేధం వాడేదానికమ్మా. పెట్టుకునేదానికి కాదు.”

ఆయన వెళ్ళగానే పెరటి దోవన గంగులయ్య వచ్చాడు. గీత ఎక్కడ గీయాలో తాను ఇంకా ఆలోచిస్తున్నానని, ఆలోచన తేలేదాకా తనకూ ఒకటి పెట్టమని కోరాడు. తక్కిన పెద్దమనుషులు వీలు చూసుకుని వచ్చారు. చివరగా వినోద్ వచ్చి అధ్యక్షుల వారి ఫోను చాపాడు.

“అన్న పంపలేదక్కా. నేనే వచ్చినానని చెప్పమన్నాడు.”

భానుప్రియకు కోపం వచ్చింది. అత్త దగ్గరకు పోయి సంగతి చెప్పింది. పిచ్చమ్మ ఎండు చేపల దగ్గర నుంచి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంది. రెండు రోజుల తర్వాత ఆమె ముఖంలోకి వెలుగు వచ్చింది.

“ఇయ్యి. అడిగినోళ్ళందరికీ ఇయ్యి. అయితే నీ గొంతు వాళ్ళకెందుకమ్మే? నాది పెట్టు.”

ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్ళు తలుపు వేసుకుని కూర్చున్నారు. భానుప్రియ ఒక్కో మాటా చెబుతుంటే పిచ్చమ్మ దాన్ని తన పద్ధతిలో, మనస్ఫూర్తిగా, ఫోనులోకి పలికింది. లోపల నుంచి నవ్వులు వీధిలోకి వినిపించాయి. అందరి ఫోన్లలోకీ ఆ గొంతు చేరింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జట్టు అభ్యాసం చేసింది. ఆట ఒక్కసారిగా బాగుపడింది. క్రమశిక్షణ వల్లనేనని నరేంద్రబాబు గారు చెప్పారు. ఒక్కొక్కరూ తన చెవిలో మాత్రమే పిచ్చమ్మ ఉందనుకున్నారు.

పోటీ రోజున షెల్టరు నిండిపోయింది. ముందు వరుసలో ఆడవాళ్ళ మధ్య పిచ్చమ్మ వక్కాకు నములుతూ కూర్చుంది. నాయుడుపేట వాళ్ళకు దండలు వేశాక నరేంద్రబాబు గారు మైకు పట్టారు.

“మా ఊరిది స్వచ్ఛమైన ఆట! మా జట్టులో యాడాన్ అన్న మాటే వినపడదు! ఇది మా సంఘం ప్రతిజ్ఞ!”

ఆండ్రూకు ఆ మాటలు నచ్చాయి. “సంతోషం సార్. అయితే రెండు జట్లూ ఇయర్‌ఫోన్లు పీకేసి ఆడదాం. అనుమానాలు లేకుండా పోతాయి.”

అంత ప్రసంగం చేశాక కాదనడానికి లేదు. తీగ పీకితే గొంతు ఆగిపోతుందని మా వాళ్ళు ధైర్యంగా ఉన్నారు. తీగ పీకితే గొంతు బయటికి వస్తుందని చెప్పడానికి సంఘంలో సాంకేతిక సలహాదారు ఎవరూ లేరు.

ఆట మొదలైంది. ఫోనులో మబ్బు పట్టింది. వెంటనే మా జట్టు ఫోన్లన్నీ ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి.

“గాలొస్తా ఉండాది, ఒడ్డుకి తిప్పరా సచ్చినోడా! కళ్ళు యాడ పెట్టుకోనుండావు?”

జనం పిచ్చమ్మ వైపు తిరిగారు. ఆమె మూసిన నోటితో వక్కాకు నములుతోంది. అంతా మళ్ళీ ఫోన్ల వైపు తిరిగారు.

“వల నిండి చస్తా ఉండాది, లాగు! నిద్రబోతుండావా, ఊరి మీద పెత్తనం చేస్తుండావా?” అంది సింహపురి సింహం.

“లాగుతుండా లేమ్మా, తిట్టబాక,” అన్నాడు చెంచయ్య తన ఫోనుతో. అలవాటైపోయిన మనిషి.

ఆండ్రూ నవ్వు ఆపుకోలేక ఊగిపోతే, అతను కూర్చున్న కుర్చీ విరిగింది. అప్పుడు నాయుడుపేట ఫోన్లు కూడా మాట్లాడటం మొదలుపెట్టాయి. ఒక దొరసాని, మెత్తటి ఇంగ్లీషులో, ఏదో అంది. షెల్టరులో గోల సద్దుమణిగింది. మా వాళ్ళు గౌరవంగా విన్నారు.

“మావాళ్ళకీ ఉండాదిలే సార్,” అని ఆండ్రూ ఒప్పుకున్నాడు. “నెట్లో దొరికితే పెట్టుకున్నాం. ఆమె ఏం చెబుతుందో మాకూ తెలవదు. ఉంటే బాగుంటుందని.”

ఇంతలో తుఫాను వచ్చింది. దొరసాని హెచ్చరిక విని నాయుడుపేట పడవలు నడి సముద్రంలో ఉండిపోయాయి. పిచ్చమ్మ తిట్లు విని మా పడవలు ఒడ్డుకు చేరాయి. నాయుడుపేట జట్టు మొత్తం మునిగింది. మా ఊరు గెలిచింది. కేకలు వేశారు, ఈలలు వేశారు, ఎవరో తెచ్చిన దండ ఎవరికి వేయాలో తెలియక కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి నరేంద్రబాబు గారి మెడలోనే వేశారు.

సాయంత్రం సంఘం మళ్ళీ సమావేశమైంది. పిచ్చమ్మ కూడా వచ్చింది. ఇప్పుడైనా తనను ఆడనిస్తారేమోనని ఆమె ఆశ. సంఘం విషయాన్ని లోతుగా పరిశీలించి, నిషేధాన్ని సవరించింది. ఇంగ్లీషులో మాట్లాడే యాడాన్‌ను టెక్నాలజీగా గుర్తించి అనుమతించారు. తెలుగులో మాట్లాడేది మాత్రం అందరికీ అర్థమై ఊరి పరువు తీస్తుంది గనక నిషేధం కొనసాగుతుంది. జట్టు ఫోన్లన్నిటిలో పిచ్చమ్మను తీసేసి దొరసానిని పెట్టించారు. ఇకమీదట పిచ్చమ్మ కూడా దొరసానితో ఆడుకోవచ్చని పెద్దమనసుతో ప్రకటించారు.

“ఆమె నన్ను తిట్టినా తెలవదు, మెచ్చుకున్నా తెలవదు,” అంది పిచ్చమ్మ. “ఆ యమ్మని మీరే ఉంచుకోండి.”

ఈసారి కోడలు చెప్పకముందే ఆమే అడిగింది, ఇంకో గది తెరవమని. భానుప్రియ తెరిచింది. ఆ గదికి ఒకటే నియమం: ఎవరైనా ఏ యాడాన్ అయినా తెచ్చుకోవచ్చు, కాని తెచ్చింది అందరికీ చెప్పాలి, అడిగిన వాళ్ళకు ఇవ్వాలి. చేపలమ్మే ఆడవాళ్ళు ఒక్కొక్కరుగా అందులోకి చేరారు. తర్వాత వినోద్ తన సొంత పేరుతో వచ్చాడు. గంగులయ్య కూడా వచ్చాడు. గీత దొరికిందని అంటున్నాడు. వేట మొదలైనా పిచ్చమ్మ చేపలమ్ముకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ నీళ్ళ మీదికి పోతూనే ఉంది. అక్కడ ఆమెకు ఒడ్డు కనపడదట. అదే బాగుంటుందట.

అధికారిక జట్టు ఆ తర్వాత ఆడిన ప్రతి పోటీలోనూ హుందాగా మునుగుతోంది. ప్రతిసారీ మునిగే ముందు దొరసాని ఏదో ఒకే మాట చెబుతుందని గమనించి, చెంచయ్య ఒకరోజు ఫోను పట్టుకుని భానుప్రియ దగ్గరకు వచ్చాడు.

“ఇంత మర్యాదగా ఏం చెబుతుందమ్మా ఈమె?”

“తుఫానొస్తా ఉంది, వెంటనే ఒడ్డుకి రమ్మంటోంది పెద్దయ్యా.”

“అట్నా,” అన్నాడు చెంచయ్య. “మేము పొగుడుతా ఉందనుకున్నాం.”

ఇది చదివి మా ఊరి వాళ్ళను చూసి నవ్వుకుంటున్న పాఠకులకు సంఘం తరఫున ఒక విన్నపం. మీ ఫోనులో బ్యాంకు వాళ్ళూ, బీమా వాళ్ళూ, అప్పులిచ్చే వాళ్ళూ పొడుగాటి ఇంగ్లీషు కాగితం చూపించి, అడుగున ‘ఒప్పుకుంటున్నాను’ అన్న చోట నొక్కమన్నప్పుడల్లా, మీరు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, అర్థం చేసుకునే నొక్కారని మేము ఏకగ్రీవంగా నమ్ముతున్నాము.